నియమం మార్చేది వారు.. నష్టపోయేది వీరు
సాంకేతిక కంపెనీల ఏకపక్ష నిర్ణయాలతో యాప్ తయారీదారులు, వినియోగదారులు, డెలివరీ కార్మికుల అవస్థలు

హైదరాబాద్: వారపు సంతలో గంపకు ఇంత అని ఆశీలు వసూలు చేయాలంటే ముందుగా వేలం పాట జరగాలి. రేటును పంచాయతీ నిర్ణయించాలి. అంతకు మించి గుంజితే నిలదీయడానికి సర్పంచి ఉంటాడు, కార్యదర్శి ఉంటాడు. మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటుకు లైసెన్సు ఉంటుంది, అతని పైన మార్కెట్ కమిటీ ఉంటుంది. కోట్లాది మంది రోజూ అడుగు పెట్టే సెల్‌ఫోన్ సంతలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ స్థలం కంపెనీదే. ఆశీలు నిర్ణయించేది కంపెనీయే. తగవు వస్తే తీర్పు చెప్పే పెద్దమనిషీ కంపెనీయే.

యాప్‌ల దుకాణం నడిపే సంస్థ కమీషన్ నిబంధన మారిస్తే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ లాభం ఆవిరవుతుంది. సందేశాల సంస్థ గోప్యతా విధానం మారిస్తే కోట్ల మంది సమాచారం చేతులు మారుతుంది. సరుకులు చేరవేసే సంస్థ రేటు కార్డు మారిస్తే ద్విచక్ర వాహనంపై తిరిగే యువకుడి రోజు కూలి తగ్గుతుంది. పైకి ఈ మూడూ వేర్వేరు సమస్యలుగా కనిపిస్తాయి. లోతుగా పరిశీలిస్తే మూడింటికీ మూలం ఒక్కటే. ఒప్పందంలో ఇద్దరు ఉన్నా, దాన్ని మార్చే అధికారం ఒక్కరి చేతిలోనే ఉంది. గత కొన్నేళ్లలో దేశంలో జరిగిన పరిణామాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. నష్టం ఒక్క రోజులో జరుగుతుండగా న్యాయం జరగడానికి ఏళ్లు పడుతోంది.

రూపాయిలో ముప్పై పైసలు

మన దేశంలో వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో సుమారు 95 శాతం గూగుల్‌కు చెందిన ఆండ్రాయిడ్ వ్యవస్థపై నడుస్తున్నవే. ఈ ఫోన్లలోకి యాప్ చేరాలంటే ప్రధాన ద్వారం ప్లే స్టోర్. యాప్ తయారు చేసేవారు తొలుత ఒకసారి 25 డాలర్లు చెల్లించి పేరు నమోదు చేసుకోవాలి. యాప్‌లో పాటలు, పాఠాలు, సభ్యత్వాలు వంటి డిజిటల్ సేవలు అమ్మితే వాటిపై కమీషన్ ఇవ్వాలి. ఈ కమీషన్ చాలాకాలం పాటు 30 శాతంగా ఉంది. అంటే వినియోగదారు చెల్లించే ప్రతి రూపాయిలో 30 పైసలు దుకాణం యజమానికే పోయేవి.

నిబంధన కాగితంపై ఉన్నా చాలా సంస్థలు సొంత చెల్లింపు పద్ధతులు వాడుకునేవి. 2020 సెప్టెంబరులో గూగుల్ ఈ వెసులుబాటుకు తెర దించింది. డిజిటల్ సేవలు అమ్మే యాప్‌లన్నీ తన బిల్లింగ్ వ్యవస్థనే వాడాలని, ఏడాదిలోగా మారాలని తేల్చి చెప్పింది. దేశంలోని అంకుర సంస్థలు భగ్గుమనడంతో భారత్‌కు గడువును తొలుత 2022 మార్చి వరకు, తర్వాత అదే ఏడాది అక్టోబరు వరకు పొడిగించింది. ఈలోగా కమీషన్‌లోనూ కొంత సడలింపు ఇచ్చింది. ఏడాదిలో తొలి 10 లక్షల డాలర్ల ఆదాయంపై 15 శాతమే తీసుకుంటామని 2021లో ప్రకటించింది. సభ్యత్వ రుసుములపై కమీషన్‌ను 2022 జనవరి నుంచి 15 శాతానికి తగ్గించింది.

ఈ సడలింపులు ఉత్తినే రాలేదు. దేశదేశాల్లో వచ్చిన ఒత్తిడే వాటికి కారణం. అయినా తయారీదారుల అసలు అభ్యంతరం శాతం గురించి మాత్రమే కాదు. బిల్లు ఎవరు వేయాలి, డబ్బు ఏ దారిలో రావాలి అన్నది కూడా దుకాణం యజమానే నిర్ణయించడంపైనే వారి ఆందోళన. పైగా ఆ యజమాని సొంత యాప్‌లు కూడా అదే అరల్లో పక్కపక్కన అమ్ముడుపోతుంటాయి.

ఈ వివాదంపై విచారణ జరిపిన భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో రెండు ఉత్తర్వులు ఇచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినందుకు అక్టోబరు 20న రూ.1,337.76 కోట్లు, ప్లే స్టోర్ బిల్లింగ్ విధానాలకు గాను అక్టోబరు 25న రూ.936.44 కోట్లు జరిమానా విధించింది. ఇతర చెల్లింపు పద్ధతులను అడ్డుకోరాదని ఆదేశించింది. దరిమిలా 2023 జనవరిలో గూగుల్ తన విధానం మార్చుకుంటున్నట్లు ప్రకటించింది. వినియోగదారు తనకు నచ్చిన బిల్లింగ్‌ను ఎంచుకోవచ్చని తెలిపింది.

అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. వేరే బిల్లింగ్ వాడినా కమీషన్ పూర్తిగా పోదు. నాలుగు శాతం మాత్రమే తగ్గుతుంది. 15 శాతం కట్టేవారు 11 శాతం, 30 శాతం కట్టేవారు 26 శాతం ఇవ్వాలి. నెలకు వంద రూపాయల సభ్యత్వం అమ్మే చిన్న సంస్థను తీసుకుంటే, గూగుల్ బిల్లింగ్‌లో రూ.15 పోతాయి. సొంత బిల్లింగ్‌లో రూ.11 పోతాయి. మిగిలిన నాలుగు రూపాయల్లోంచే చెల్లింపు సంస్థ రుసుము ఇవ్వాలి, లెక్కలు చూసే మనిషికి జీతం ఇవ్వాలి, డబ్బు వాపసు తగాదాలు తీర్చుకోవాలి. అంతా పోను చేతికి వచ్చేది స్వల్పం. ఎంచుకునే హక్కు ఇచ్చినట్లే ఇచ్చి, ఎంచుకుంటే లాభం లేకుండా చేశారన్నది తయారీదారుల విమర్శ.

ఒక్క రోజులో మాయం

కొత్త విధానాన్ని సవాలు చేస్తూ పలు సంస్థలు మద్రాసు హైకోర్టును ఆశ్రయించాయి. అక్కడ చుక్కెదురైంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా మధ్యంతర ఊరట ఇవ్వలేదు. ఆ తర్వాత మూడు వారాలకు, మార్చి 1న గూగుల్ కొరడా ఝళిపించింది. కమీషన్ చెల్లించడం లేదంటూ పది కంపెనీలపై చర్యలు చేపట్టింది. పెళ్లి సంబంధాలు చూసే భారత్ మ్యాట్రిమోనీ, షాదీ, ఉద్యోగాలు వెతికిపెట్టే నౌకరీ, ఇళ్ల స్థలాల 99 ఏకర్స్, కథలు వినిపించే కుకు ఎఫ్ఎం వంటి పేరున్న యాప్‌లు ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి.

దుకాణం నుంచి తొలగించడం అంటే ఏమిటో సామాన్యుడికి వెంటనే తెలియకపోవచ్చు. అప్పటికే ఫోన్‌లో ఉన్న యాప్ పనిచేస్తూనే ఉంటుంది. కానీ కొత్తగా ఎవరూ దించుకోలేరు. లోపాలు సరిచేసే అప్‌డేట్లు కూడా అందవు. ఉద్యోగం కోసం వెతికే నిరుద్యోగికి ఆ యాప్ కనిపించదు. ఖాళీలు ప్రకటించిన యజమానికి దరఖాస్తులు తగ్గుతాయి. అంగడి వీధిలో ఉన్న దుకాణానికి ఉన్నట్లుండి తలుపు చోట గోడ కట్టినట్లు అవుతుంది.

కేంద్ర సమాచార సాంకేతిక శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ జోక్యం చేసుకున్నారు. యాప్‌ల తొలగింపును అనుమతించేది లేదని ప్రకటించారు. ఇరుపక్షాలతో చర్చలు జరిపారు. నాలుగైదు రోజుల్లోనే యాప్‌లు తిరిగి వచ్చాయి. అయితే ఇది తాత్కాలికమేనని, కమీషన్ బిల్లులు మాత్రం వేస్తూనే ఉంటామని గూగుల్ స్పష్టం చేసింది. అదే నెల 15న పోటీ కమిషన్ మరో దర్యాప్తునకు ఆదేశించింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బాధితులు పేరున్న సంస్థలు కాబట్టి మంత్రి స్పందించారు, పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. మాదాపూర్‌లోనో, విశాఖ రుషికొండలోనో నలుగురు కుర్రాళ్లు కలిసి చేసిన యాప్‌ను తొలగిస్తే అడిగే నాథుడెవరు? వారికి వచ్చేది యంత్రం పంపిన ఒక ఈ-మెయిల్. వారు పంపే విన్నపానికి జవాబు కూడా చాలాసార్లు యంత్రమే ఇస్తుంది.

జరిమానాల కథ కూడా అంతే సుదీర్ఘంగా సాగింది. రూ.1,337.76 కోట్ల జరిమానాను జాతీయ కంపెనీ చట్ట అప్పీళ్ల ట్రైబ్యునల్ 2023 మార్చిలో సమర్థించినా, కమిషన్ ఇచ్చిన పది ఆదేశాల్లో నాలుగింటిని కొట్టివేసింది. ప్లే స్టోర్ కేసులో రూ.936.44 కోట్ల జరిమానాను 2025 మార్చిలో రూ.216.69 కోట్లకు తగ్గించింది. ఆ తర్వాత వివాదం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. నిబంధన వెలువడిన 2020 నుంచి లెక్కిస్తే అయిదేళ్లు దాటినా వ్యాజ్యం తెగలేదు. ఈ అయిదేళ్లలో మూతపడిన చిన్న సంస్థకు తుది తీర్పు అనుకూలంగా వచ్చినా ఒరిగేదేమీ ఉండదు.

‘అంగీకరిస్తున్నాను’ అనక తప్పదు

వినియోగదారుల పరిస్థితి మరోలా ఉంది. వీరి నుంచి కంపెనీలు డబ్బు అడగవు. సమాచారం అడుగుతాయి. వాట్సాప్‌ను ఫేస్‌బుక్ 2014లో 1,900 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. 2016 ఆగస్టులో వాట్సాప్ గోప్యతా విధానం మారింది. వాడుకరుల సమాచారాన్ని ఫేస్‌బుక్‌తో పంచుకుంటామని తెలిపింది. అయితే అప్పటికే ఖాతా ఉన్నవారు ఇష్టం లేకపోతే వద్దనడానికి 30 రోజుల అవకాశం ఇచ్చింది.

2021 జనవరిలో వచ్చిన మార్పులో ఆ అవకాశం కూడా లేదు. ఫిబ్రవరి 8లోగా అంగీకరించకుంటే వాట్సాప్ వాడలేరన్న సందేశం ఫోన్ల తెరలపై ప్రత్యక్షమైంది. గగ్గోలు రేగడంతో గడువును మే 15కు వాయిదా వేశారు. అంగీకరించని ఖాతాలను తొలగించబోమని ఆ తర్వాత సర్దిచెప్పారు. ఈలోగా లక్షలాది మంది సిగ్నల్ వంటి ఇతర యాప్‌ల వైపు చూశారు. చూసినా ఎక్కువ మంది తిరిగి వాట్సాప్‌కే వచ్చారు.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో వాట్సాప్ వాడుకరులు 53 కోట్ల మంది. బడిలో పిల్లల హోం వర్కు, అపార్టుమెంటు సంఘం కబుర్లు, కిరాణా దుకాణం చిట్టా, అమెరికాలో ఉన్న కొడుకుతో మాటలు, అన్నీ అందులోనే. ఊరంతా ఒక వీధిలో కాపురం ఉంటే ఒక్కరే వేరే వీధికి మారి ఏం చేస్తారు? ఇలాంటి చోట ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట నొక్కడం ఇష్టపూర్వక సమ్మతి ఎలా అవుతుందన్నది ప్రశ్న.

పోటీ కమిషన్ సరిగ్గా ఈ ప్రశ్ననే లేవనెత్తింది. 2021 మార్చిలో తనంతట తానుగా దర్యాప్తునకు ఆదేశించింది. ఒప్పుకుంటే ఉండు, లేకుంటే పో అన్న రీతిలో షరతు పెట్టడం ఆధిపత్య దుర్వినియోగమేనని 2024 నవంబరు 18న తేల్చింది. వాట్సాప్ మాతృసంస్థ మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా విధించింది. ప్రకటనల కోసం అయిదేళ్ల పాటు సమాచారం పంచుకోరాదని నిషేధించింది. అప్పీళ్ల ట్రైబ్యునల్ 2025 జనవరిలో ఆ నిషేధంపై స్టే ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో జరిమానాను సమర్థిస్తూనే అయిదేళ్ల నిషేధాన్ని రద్దు చేసింది. విధానం వచ్చిన నాటి నుంచి జరిమానా పడే నాటికి దాదాపు నాలుగేళ్లు గడిచాయి.

వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023 ఆగస్టులో చట్టం చేసింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలని, దాన్ని ఎప్పుడైనా వెనక్కు తీసుకునే హక్కు ఉండాలని ఈ చట్టం చెబుతోంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోనూ సమ్మతి కోరే అవకాశం కల్పించాలని నిర్దేశిస్తోంది. అంటే తెలుగు చదివేవారికి తెలుగులోనే షరతులు చూపాలి. అయితే కంపెనీల బాధ్యతలకు సంబంధించిన ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అప్పటివరకు పాత పద్ధతే కొనసాగుతుంది.

రేటు కార్డు మారితే..

యాప్ తయారీదారు కోర్టుకు వెళ్లగలడు. వినియోగదారు వేరే యాప్ వెతుక్కోగలడు. డెలివరీ కార్మికుడికి ఈ రెండూ కష్టమే. అతని బండికి నెల వాయిదా కట్టాలి, పెట్రోలు పోయించుకోవాలి, ఇంటి అద్దె ఇవ్వాలి. ఆర్డరుకు ఎంత వస్తుందన్నది రేటు కార్డుపై ఆధారపడి ఉంటుంది. ఆ కార్డు ఎప్పుడు మారుతుందో అతనికి తెలియదు.

2023 ఏప్రిల్‌లో బ్లింకిట్ సంస్థ ఢిల్లీ ప్రాంతంలో చెల్లింపుల పద్ధతి మార్చింది. అప్పటివరకు ఆర్డరుకు రూ.25 ఇస్తుండగా, దాన్ని కనీసం రూ.15గా చేసి దూరాన్ని బట్టి అదనంగా ఇస్తామంది. దగ్గరి దూరాలకే ఎక్కువ ఆర్డర్లు వచ్చే వ్యాపారంలో దీనివల్ల సంపాదన పడిపోతుందని కార్మికులు సమ్మెకు దిగారు. పలు దుకాణాలు రోజుల తరబడి మూతపడ్డాయి. అంతకు ముందు 2017లో హైదరాబాద్, ఢిల్లీ, బెంగళూరు నగరాల్లో క్యాబ్ డ్రైవర్లు రోడ్డెక్కడానికీ ఇలాంటి కారణమే ఉంది. తొలినాళ్లలో భారీ ప్రోత్సాహకాలు చూపి ఆకర్షించిన కంపెనీలు, డ్రైవర్లు అప్పులు చేసి కార్లు కొన్న తర్వాత వాటికి కోత పెట్టాయన్నది వారి ఆవేదన.

రేటు తగ్గింపు కంటే కార్మికులను ఎక్కువగా భయపెట్టేది ఐడీ బ్లాక్. కస్టమర్ ఫిర్యాదు చేసినా, రేటింగ్ తగ్గినా, ఆర్డర్లు తిరస్కరించినా ఖాతా నిలిచిపోవచ్చు. కారణం తెలియదు. ఎవరిని అడగాలో తెలియదు. ఖాతా తెరుచుకోకపోతే ఆ రోజు పని లేనట్లే. గోడకు చెప్పుకున్నట్లు యాప్‌లోని సహాయ విభాగానికి చెప్పుకోవడం తప్ప వేరే దారి ఉండటం లేదు.

తెలంగాణ గిగ్ కార్మికుల యూనియన్, యాప్ ఆధారిత రవాణా కార్మికుల అఖిల భారత సమాఖ్య పిలుపు మేరకు 2025 డిసెంబరు 25న, 31న జరిగిన సమ్మెల్లోనూ ఇవే డిమాండ్లు వినిపించాయి. చెల్లింపుల్లో పారదర్శకత ఉండాలని, కారణం చెప్పకుండా ఐడీలు నిలిపివేయరాదని, పది నిమిషాల డెలివరీ విధానం ఎత్తివేయాలని కోరారు. డిసెంబరు 31న డెలివరీలకు అంతరాయం కలగలేదని జొమాటో, బ్లింకిట్ యాజమాన్యం ప్రకటించింది. అయినా సమ్మె వృథా కాలేదు. కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడిన దరిమిలా 2026 జనవరిలో బ్లింకిట్ తన ప్రచారం నుంచి పది నిమిషాల హామీని తొలగించింది.

21 రోజుల నోటీసు ఎవరికి?

ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడి వేతనం, పని గంటలు, అలవెన్సుల వంటి షరతులను మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఏ సెక్షన్ ఈ రక్షణ కల్పించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి సైతం ఈ నిబంధనను కొనసాగించింది. నోటీసు అందితే కార్మిక సంఘం చర్చలు కోరవచ్చు, కార్మిక శాఖను ఆశ్రయించవచ్చు.

డెలివరీ కార్మికుడికి ఈ రక్షణ వర్తించడం లేదు. కారణం అతన్ని కంపెనీలు కార్మికుడు అనకపోవడమే. అతను ‘భాగస్వామి’. భాగస్వామి అన్న మాటకు లాభాల్లో వాటా, నిర్ణయాల్లో పాత్ర ఉండాలి. ఇక్కడ ఆ రెండూ లేవు. కార్మికుడికి ఉండే హక్కూ లేదు, భాగస్వామికి ఉండే అధికారమూ లేదు.

నీతి ఆయోగ్ 2022 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇలాంటి కార్మికులు 77 లక్షల మంది ఉన్నారు. 2029-30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరుతుందని అంచనా వేసింది. సామాజిక భద్రత స్మృతి వీరిని తొలిసారిగా చట్టంలో గుర్తించింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వరకు సంక్షేమ నిధికి జమ చేయాలని, అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించరాదని పేర్కొంది. బీమా, వైద్యం వంటి వాటికి ఇది మేలే. కానీ రేటు కార్డు రాత్రికి రాత్రి మారితే ఆ నిధి ఏమీ చేయలేదు.

రాష్ట్రాల చొరవ

ఈ లోటును రాష్ట్రాలు కొంతవరకు పూడ్చే ప్రయత్నం చేస్తున్నాయి. రాజస్థాన్ 2023లో దేశంలోనే తొలిసారిగా గిగ్ కార్మికుల సంక్షేమ చట్టం చేసింది. కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఒప్పందంలో మార్పులు చేయాలంటే 14 రోజుల ముందు తెలపాలని, పని నుంచి తొలగించాలంటే రాతపూర్వకంగా కారణాలు చెప్పి 14 రోజుల నోటీసు ఇవ్వాలని నిర్దేశించింది.

తెలంగాణలో 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి నాంపల్లిలో గిగ్ కార్మికులతో సమావేశమై రూ.5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. కార్మికుల నమోదు, సంక్షేమ బోర్డు, ప్రత్యేక నిధి అందులోని ముఖ్యాంశాలు. నవంబరులో మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. విజయవాడ, విశాఖ, తిరుపతి వంటి నగరాల్లోనూ డెలివరీ సేవలు విస్తరించిన దృష్ట్యా ఆంధ్రప్రదేశ్ కూడా ఈ దిశగా ఆలోచించాల్సిన అవసరం ఉంది.

కంపెనీల వాదన ఏమిటి?

కంపెనీల వాదనలో పస లేదని కొట్టిపారేయలేం. ప్లే స్టోర్ నిర్వహణకు, మోసపూరిత యాప్‌ల ఏరివేతకు ఖర్చవుతుందని గూగుల్ చెబుతోంది. భారత్‌లో రెండు లక్షలకు పైగా తయారీదారుల్లో కమీషన్ చెల్లించాల్సింది కేవలం 3 శాతం మందేనని 2024లో తెలిపింది. వ్యక్తిగత సందేశాలను తాము సైతం చదవలేమని, 2021 నాటి మార్పు వ్యాపార సంస్థలతో జరిపే సంభాషణలకు సంబంధించినదని వాట్సాప్ వివరణ ఇచ్చింది. ఇష్టమైన వేళ వచ్చి ఇష్టమైనంత సేపు పనిచేసే స్వేచ్ఛ తమ వద్ద ఉందని డెలివరీ సంస్థలు అంటున్నాయి.

ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ నియమం మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని మార్చే పద్ధతి న్యాయమైనదా అన్నది మరో ప్రశ్న. కంపెనీలు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతూ రెండోదాన్ని దాటవేస్తున్నాయి. మంచి నియమమైనా ముందుగా చెప్పి, కారణం వివరించి, అభ్యంతరం వినడం వల్ల కంపెనీకి పోయేదేమీ లేదు.

విదేశాల అనుభవం

ఐరోపా సమాఖ్య ఈ అంశాన్ని ముందే గుర్తించింది. ఆన్‌లైన్ వేదికలపై వ్యాపారం చేసుకునేవారి కోసం తెచ్చిన నిబంధన 2020 జులై 12న అమల్లోకి వచ్చింది. షరతులు మార్చాలంటే వేదిక యజమాని కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, ఖాతా నిలిపివేస్తే కారణాలు రాసి ఇవ్వాలని అందులో ఉంది. 2024లో చేసిన మరో చట్టంలో, యాప్ కార్మికుడి ఖాతాను తొలగించే నిర్ణయం యంత్రం కాక మనిషే తీసుకోవాలని స్పష్టం చేశారు. సభ్య దేశాలు దీన్ని అమలు చేయడానికి 2026 డిసెంబరు వరకు గడువు పెట్టారు.

చట్టం లేని చోట ఐక్యతే అండగా నిలిచిన ఉదంతం కూడా ఉంది. కంప్యూటర్ ఆటల తయారీకి వాడే యూనిటీ సాఫ్ట్‌వేర్ సంస్థ, ఆట ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ అయితే అన్నిసార్లు రుసుము వసూలు చేస్తామని 2023 సెప్టెంబరు 12న ప్రకటించింది. అప్పటికే తయారైన ఆటలకూ ఇది వర్తిస్తుందనడంతో ప్రపంచవ్యాప్తంగా తయారీదారులు ఏకమై తిరగబడ్డారు. పది రోజుల్లోనే కంపెనీ వెనక్కు తగ్గి షరతులు సడలించింది. మరుసటి నెలలో ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి నుంచి వైదొలగారు. ఏడాది తర్వాత ఆటల తయారీదారులపై ఆ రుసుమునే ఎత్తివేశారు. అదే ఏడాది రెడిట్ సంస్థ తన సమాచారం వాడుకునే యాప్‌లపై భారీ రుసుములు ప్రకటించగా, వేలాది చర్చా బృందాలు నిరసన తెలిపినా ఫలితం లేకపోయింది. ఎంతోమంది ఇష్టపడిన అపోలో యాప్ 2023 జూన్ 30తో మూతపడింది. నిరసన ఒకచోట ఫలించి మరోచోట విఫలమైందంటే, న్యాయాన్ని నిరసనకే వదిలేయరాదన్నది స్పష్టం.

బాధితులు ఏం చేయవచ్చు?

ఉన్న చట్టాల్లోనూ కొన్ని దారులున్నాయి. సామాజిక మాధ్యమ సంస్థలు 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందిన 24 గంటల్లో రసీదు ఇవ్వాలి. ఆ అధికారి నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీళ్ల కమిటీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. డబ్బు చెల్లించి సేవలు పొందేవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. డెలివరీ, క్యాబ్ కార్మికులు ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే కేంద్ర పథకాలకు అర్హత లభిస్తుంది. రేటు కార్డు మారిన ప్రతిసారీ పాత, కొత్త వివరాలను ఫోన్‌లో ఫొటో తీసి భద్రపరచుకోవడం మేలు. వివాదం వచ్చినప్పుడు ఆధారం లేక వెనుదిరిగే పరిస్థితి తప్పుతుంది.

ముందే అడ్డుకట్ట వేయాలి

పోటీ చట్టం తప్పు జరిగిన తర్వాత శిక్షిస్తుంది. తప్పు జరగకముందే బడా సంస్థలకు కట్టుబాట్లు నిర్దేశించేలా కేంద్రం 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా విడుదల చేసింది. పరిశ్రమ వర్గాల అభ్యంతరాల నడుమ 2025 ముగిసే నాటికి కూడా అది పార్లమెంటు ముందుకు రాలేదు. ఈ జాప్యం సమంజసం కాదు.

చట్టం ఏ రూపంలో వచ్చినా మూడు అంశాలు తప్పనిసరిగా ఉండాలి. మార్పుకు ముందు తగినంత గడువుతో బాధితుల భాషలో నోటీసు ఇవ్వాలి. ఎందుకు మారుస్తున్నారో కారణం చెప్పాలి. ఖాతా నిలిపివేత, యాప్ తొలగింపు వంటి తీవ్ర చర్యలపై బాధితుడి మొర వినడానికి ఒక మనిషి, ఒక గడువు ఉండాలి. ఇవి కొత్త కోరికలేమీ కావు. ఫ్యాక్టరీ కార్మికుడికి దశాబ్దాల కిందటే దక్కిన హక్కును ఫోన్ తెరపై బతుకు వెతుక్కునేవారికి వర్తింపజేయడమే. సాంకేతిక రంగానికి కేంద్రంగా పేరు తెచ్చుకున్న హైదరాబాద్‌కు ఇందులో అందరికంటే ఎక్కువ అవసరముంది. యాప్‌లు రాసేవారు, వాటిని వాడేవారు, వాటి కోసం రోడ్లపై పరుగులు తీసేవారు, ముగ్గురూ ఈ నగరంలోనే ఉన్నారు. ఈ ముగ్గురి సమస్య ఒకటేనని వారు గుర్తించిన నాడు, ప్రభుత్వాలు సైతం గుర్తించక తప్పదు.